మూడోసారి అనేవాడు లేడు

తలుపు దగ్గరికి వేయండి, చప్పుడు కాకుండా. లోపలి గదిలో అమ్మ పండుకుంది. ఈ ముందు గదిలో సగానికి పైగా గుంట మగ్గమే. మిగిలిన జాగాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు మీద కొడుకు ల్యాప్‌టాప్, మీరు. రాత్రి పన్నెండు ఇరవై. పోచంపల్లి వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ మేలుకొని లేరు. ఏప్రిల్ ఉక్క. ఫ్యాను తిరిగినప్పుడల్లా పడుగు మీద కప్పిన పాత గుడ్డ అంచు లేచి పడుతోంది.

తెర మీద ఒక ఫొటో. పాలిపోయిన గోధుమ రంగు డబ్బా. నల్ల మీటలు. పైన ఒక వరుస ఎర్ర మీటలు. బీబీసీ మైక్రో, మోడల్ బీ. ఇంగ్లండ్‌లో ఎవరింటి అటక మీదో దొరికిందట. ఫొటో కింద 142 పౌండ్లు. దాని పక్కన 9 నిమిషాల 48 సెకన్లు.

మీ హద్దు 150. సాయంత్రమే గ్రాఫు కాయితం అంచున పెన్సిలుతో రాసి చుట్టూ సున్నా చుట్టారు. పౌండుకు 115 రూపాయలు వేసుకుంటే 17,250. అంతకు మించి రూపాయి కూడా పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఎవరి మీద పెట్టుకున్నారో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఇంకా పండుకోలే?" గుమ్మంలో మీ ఆవిడ.

"పది నిమిషాలు."

"గదేమన్న సిన్మానా, గట్ల కండ్లార్పకుంట చూస్తున్నవ్?"

ఆమె లోపలికి పోయింది. 8 నిమిషాల 30.

ఇన్ని కంప్యూటర్లుండగా ఈ డబ్బానే ఎందుకు? కండ్లు మూసుకోండి, ఒక్క క్షణమే. హైదరాబాద్‌లో మేనమామ ఇల్లు, ఆ పక్కన హైస్కూలు. 1984లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. మొదటి విడతలో దేశం మొత్తం మీద రెండు మూడు వందల బడులకు దక్కిన మిషన్ ఇదే. గది బయట చెప్పులు విడిచారు. లోపల చల్లగా ఉంది, బడిలో మరే గదిలోనూ లేని చల్లదనం. ఒక మిషన్ ముందు పది మంది పిల్లలు. సారు ఒక్కొక్కరితో ఒక్కొక్క మీట నొక్కిస్తున్నారు. మీ ముందు ఇద్దరున్నారు. ఒక్కడున్నాడు. గంట కొట్టేశారు.

కండ్లు తెరవండి. 7 నిమిషాల 15. ఇంకా 142 దగ్గరే ఉంది. ఆ 142 మీదే. అవతలివాడు 140 దగ్గర ఆగాడు.

ఫొటోలు మళ్లీ పెద్దవి చేసి చూడండి. వెనక రెండు, అడుగున రెండు మరలు, ప్రతిదాని పక్కన 'ఫిక్స్' అని ఇంగ్లిషులో అచ్చు. ఒక మర తల అరిగి ఉంది. ఎవరో ఎప్పుడో విప్పారు. బాగు చేయడానికా, లోపలి చిప్పులు పీక్కోవడానికా? ప్లాస్టిక్ ఒకవైపు పసుపెక్కింది, ఎండ తగిలే కిటికీ పక్కన చాలా ఏండ్లు ఉండి ఉంటుంది. కింద అమ్మేవాడి మాట: టీవీ వైరు లేదు కాబట్టి టెస్ట్ చేయలేదు. ఈ మాటను నమ్మకండి. అన్‌టెస్టెడ్ అని రాసుంటే, టెస్ట్ చేశారు, పనిచేయలేదు అని చదువుకోవడమే క్షేమం. అలాగని పాడైన సరుకుకు గిరాకీ ఉండదనుకోవద్దు. ఈబే 1995లో పుట్టినప్పుడు మొట్టమొదట అమ్ముడుపోయిందే ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. అది పాడైందని తెలుసు కదా అని పెట్టినాయన పియరీ ఒమిడ్యార్ అడిగితే, చెడిపోయినవే పోగుచేస్తానన్నాడట కొన్నాయన. అలాంటి మనుషుల సంతలో కూర్చున్నారు మీరిప్పుడు.

మరి ఇంగ్లండ్‌లో కొంటే సరుకు పోచంపల్లి ఎట్లా చేరుతుంది? ఈబే ఇండియా 2018లోనే దుకాణం మూసేసింది. విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే పోస్టు ఖర్చు, దాని మీద కస్టమ్స్. పైగా వాడిన కంప్యూటర్లు దిగుమతి చేసుకోవాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. తెలుగువాడికి వీటన్నిటికీ ఒకటే మందు, బావమరిది. లండన్ దగ్గర ఉద్యోగం. మే నెలలో చెల్లెలి పెండ్లికి వస్తున్నాడు. పోయేటప్పుడు పెట్టెలో మామిడికాయ తొక్కు పోతుంది కాబట్టి వచ్చేటప్పుడు జాగా ఉంటుంది. అమెరికాలో కొనకపోవడానికి ఇంకో కారణం కరెంటు. అక్కడివి 120 వోల్టులవి. ఇంగ్లండ్ సామాను ప్లగ్గు మారిస్తే మన కరెంటు మీద అట్లాగే నడుస్తుంది.

5 నిమిషాలు.

144. 146. మళ్లీ మీదే పై చేయి. మీరేమీ నొక్కలేదు! భయపడకండి, ఈ పాట ఇట్లాగే నడుస్తుంది. మీ హద్దు 150 అని ముందే చెప్పి పెట్టారు. ఆ అంకెను మిషన్ కడుపులో దాచుకుని, అవతలివాడు ఎంత పెంచితే దాని మీద ఒక మెట్టు మాత్రమే మీ తరఫున ఎక్కుతుంది. అంటే మీరు కట్టేది మీరు అనుకున్న ధర కాదు. మీ తర్వాతివాడు ఎక్కడ ఆగితే అక్కడికి ఒక మెట్టు పైన. డబ్బా అదే. అవతల ఎవరూ లేకపోతే పాతిక పౌండ్లు, ఒక మొండివాడుంటే రెండు వందలు.

ఎవరా మొండివాడు? పాట పాడినవాళ్ల జాబితా తెరవండి. పేరుండదు. మొదట ఒక అక్షరం, నడుమ మూడు నక్షత్రాలు, చివర ఒక అక్షరం. పక్కన బ్రాకెట్లో సున్నా. అంటే ఇక్కడ ఇంకా ఎవరి నుంచీ రేటింగ్ రానివాడు. కొత్తగా వచ్చిన పిచ్చివాడా? లేక అమ్మేవాడే ఇంకో పేరుతో చేరి ధర ఎగదోస్తున్నాడా? అది నిషిద్ధం. నిషేధమున్నంత మాత్రాన జరగకుండా పోదు. తెలుసుకునే దారి మీకు లేదు.

4 నిమిషాలు. ఎవరూ కదలరు. ఈ నిశ్శబ్దంలోనే బుర్ర పాడవుతుంది. 1976లో యాపిల్ కంపెనీ తొలి కంప్యూటర్‌ను 666.66 డాలర్లకు అమ్మింది. తయారైనవి 200 దాకా. 2014 అక్టోబరులో న్యూయార్క్‌లో బోన్‌హామ్స్ సంస్థ వేలంలో వాటిలో ఒకటి 9,05,000 డాలర్లు పలికింది, హెన్రీ ఫోర్డ్ మ్యూజియం కొనుక్కుంది. దాని పక్కన 150 పౌండ్లెంత, అంటుంది మీ మనసు. వినకండి. ఆ మిషన్‌లోనూ, మీ ముందున్న ఈ డబ్బాలోనూ ఉన్నది ఒకే జాతి ప్రాసెసర్, 6502. ఇందులో అది రెట్టింపు వేగంతో పరుగెడుతుంది కూడా. కానీ బీబీసీ మైక్రోలు 15 లక్షలు అమ్ముడుపోయాయి. ఇది దొరకని వస్తువేమీ కాదు. వచ్చే వారం ఇంకోటి వస్తుంది. నిన్న ముగిసిన రెండు పాటలు 120 దగ్గరే ఆగాయి, మీరే చూశారు.

2 నిమిషాలు.

గణేశుడి లడ్డూ పాట ఎన్నిసార్లు చూసి ఉంటారు! బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు మొదలైన లడ్డూ 2024లో 30 లక్షల 1000కి పోయింది. అక్కడ అందరూ ఎదురెదురుగా ఉంటారు. అవతలివాడి ముఖం చూస్తారు, మెడ మీద చెమట చూస్తారు. పాట పాడించే పెద్దమనిషి ఒకటోసారి, రెండోసారి అంటూ ఊపిరి తీసుకునేంత టైమిస్తాడు. ఎవరైనా పెంచితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. చెయ్యెత్తేవాడు ఉన్నంతసేపు పాట ఆగదు. ఇక్కడ ఆ పెద్దమనిషి లేడు. గడియారం ఉంది. దానికి మీరు ఆలోచిస్తున్నారా, నీళ్లు తాగుతున్నారా అనేదానితో పని లేదు. అందుకే తెలిసినవాళ్లు వారమంతా మెదలకుండా ఉండి చివరి పది సెకన్లలో దిగుతారు.

1 నిమిషం. అంకెలు ఎర్రబడ్డాయి.

వైఫై గుర్తు చూడండి. రెండు గీతలు. మూడు. రెండు.

45 సెకన్లు. 155. మీది కాదు.

అయిపోయింది. మీ హద్దు దాటిపోయింది. ల్యాప్‌టాప్ మూయండి. లేవండి. పండుకోండి.

మీరు లేవరు.

30. వేలు మీట మీద ఉంది. 180 కొట్టండి. ఖాయమేనా అని అడుగుతోంది. ఖాయం.

22. 180, మీదే. అంటే వాడు 175 దాకా దాచుకున్నాడు. దగ్గరికొచ్చారు. వాడికి ఊపిరాడట్లేదు. మీకూ.

15. మెడ తడిసింది.

11. వైఫై ఒక గీత.

8. 185. వాడిది.

ఎంత? 190? చాలదు. 200? వాడూ అదే అనుకుంటాడు. టైము లేదు. మెట్టు మెట్టుగా ఎక్కలేరు.

6. కొట్టండి. రెండు. ఆరు. సున్నా.

4. ఖాయమేనా?

3. నొక్కండి.

తెర తెల్లబడింది. చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది.

205 పౌండ్లు. ముగిసింది. మీదే.

గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. నోరు ఎండిపోయింది. ఆనందం వచ్చిందా? వచ్చింది, గ్లాసు నీళ్లు తాగేంతసేపు. అవతలివాడు 200 దగ్గర ఆగాడు కాబట్టి 205. వాడు 250 అని ఉంటే మీరు 255 కట్టేవాళ్లు, కండ్లు మూసుకుని. మీరు 260 దాకా పోయారని ఈ భూమ్మీద మీకు తప్ప ఎవరికీ తెలియదు. పోస్టు ఖర్చు 12 పౌండ్లు కలిపితే 24,955 రూపాయలు. వెదిరె రామచంద్రారెడ్డి 1951 ఏప్రిల్ 18న ఇదే ఊళ్లో వినోబా భావే ముందు లేచి నిలబడి 100 ఎకరాలు ఊరికే రాసిచ్చాడు. ఆయన చెయ్యి కూడా ఇంత వణికి ఉండదు.

పొద్దున ఎనిమిదికే హైదరాబాద్ నుంచి కారొచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు. మీ ఆవిడ చాప మీద చీరలు పరిచింది. ఒకటి నచ్చింది. పడుగూ పేకా రెంటికీ చిటికి కట్టి అద్దిన పట్టుచీర, కోణాలు ఎక్కడా తప్పకుండా కూర్చున్నాయి.

"పద్దెనిమిది వేలు," అంది మీ ఆవిడ.

"పన్నెండుకు ఇవ్వమ్మా. ఆన్‌లైన్‌లో ఇంతకన్నా తక్కువున్నాయి."

ఆమె వాదించదు. కోపం తెచ్చుకోదు. చీర మడత పెట్టడం మొదలుపెట్టింది, అంచు అంచుకు కలిపి, నిదానంగా. నాలుగో మడతకు పదిహేను. ఆమె తలెత్తలేదు. సంచిలో పెట్టబోతుంటే పదిహేడున్నర. "మీరు తీసుకుంటే పదిహేడున్నర, లేకపోతే ఇంకొకరు తీసుకుంటరు," అంది. తీసుకున్నారు. పక్కింట్లో లక్ష్మీ ఆసు మిషన్ టకటకమంటోంది. షార్జీపేట చింతకింది మల్లేశం, అమ్మ భుజం నొప్పి చూడలేక ఏండ్ల తరబడి కుస్తీ పట్టి 1999కి పూర్తి చేసిన యంత్రం అది. చీరకు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పే పని తప్పించింది, 2017లో ఆయనకు పద్మశ్రీ తెచ్చింది. ఆయన మొట్టమొదట కూర్చిన చెక్క చట్రాన్ని ఎవరైనా వేలానికి పెడితే ఇంగ్లండ్ డబ్బా కన్నా ఎక్కువ పాడాలి. పెట్టరు. మన దగ్గర అట్లాంటివి వేలందాకా రానే రావు.

మే నెల. బావమరిది దిగాడు. పెట్టెలో తువ్వాళ్ల నడుమ డబ్బా.

"బావా, ఎయిర్‌పోర్టుల రెడ్ ఛానల్లకు పోయి నేనే చూపిచ్చిన. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, గిది మోసుకరానీకె టికెట్ పెట్టుకున్నవా అన్నడు."

ప్లగ్గు పెట్టకండి. ఇప్పుడే వద్దు. ఎందుకో తెలియాలంటే మరలు విప్పాలి. ఫిక్స్, ఫిక్స్, ఫిక్స్. అరిగిన మరను టీవీ మెకానిక్ కటింగ్ ప్లయరుతో పట్టి తిప్పాడు. మూత లేచింది. పాత అటక వాసన. ఎడమ పక్కన కరెంటు సరఫరా పెట్టె. దాన్నీ విప్పితే, అగ్గిపెట్టెలో సగమంత పసుపు గాజులాంటి ముక్క ఒకటి. లాంతరు దగ్గర పెట్టి చూడండి. ఒంటి నిండా వెంట్రుకంత పగుళ్లు.

"ఇదన్నా, దొంగ," అన్నాడు మెకానిక్.

లోపల కాయితం చుట్టతో చేసిన కెపాసిటర్ అది. నలభై ఏండ్లకు పైతొడుగు పగిలి, కాయితం తేమ పీల్చుకుంటుంది. 230 వోల్టులు తగిలిన కొన్ని నిమిషాలకు పేలిపోవచ్చు. గది నిండా చేదు పొగ. ఈ పెట్టెలో అట్లాంటివి రెండు.

కోఠి బస్సెక్కండి. గుజరాతీ గల్లీలో అడిగితే రెండూ కలిపి చాయ్ బిస్కెట్ ఖర్చులో వస్తాయి. దారిలో ఆటోనగర్ దగ్గర బస్సు నెమ్మదిస్తుంది, కిటికీలోంచి పాత ఇనుము దుకాణాలు. ఈ నగరంలోని ఈసీఐఎల్ కంపెనీ ఒకప్పుడు టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది, ఆ తర్వాత టీడీసీ-316. మనవాళ్లు గీసిన బోర్డులు, మనవాళ్లు అతికించిన తీగలు. ఇక్కడ పాత మిషన్లకు ఆఫీసుల్లో జరిగేది ఒకటే. పనికిరావని రాసేస్తారు, లాటుగా కట్టి కిలో లెక్కన పాడిస్తారు, కొన్నవాడు రాగి వేరు, బంగారు పూత వేరు చేసుకుంటాడు. మీ బడిలోని డబ్బా కూడా ఏ తక్కెడో ఎక్కే ఉంటుంది. ఇంగ్లండ్‌లో అటకలున్నాయి కాబట్టి మీరు పౌండ్లు కట్టారు.

రాత్రి. కెపాసిటర్లు మార్చారు. మరలు బిగించారు. పాత డబ్బా టీవీకి వైరు కలిపారు.

"ఒక్కసారి ప్లగ్గు పెట్టినంక లోపల చెయ్యి పెట్టకు అన్నా. తీసేసినా కరెంటు నిలువుంటది," అన్నాడు మెకానిక్. చెప్పి రెండడుగులు వెనక్కి జరిగాడు. మీరు గమనించారు.

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కొడుకు సెల్లు పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అందరూ చూస్తున్నారు.

స్విచ్ వెనకాల ఉంది. తడమండి. దొరికింది.

నొక్కండి.

బూ. బొంగురు గొంతు. సన్నగా, ఆగకుండా. ఇది మామూలే. దీని వెనకే పీప్ అని ఒక చిన్న కూత రావాలి. వస్తే బతికున్నట్టు. బొంగురు గొంతే సాగితే లోపల ఏదో పోయినట్టు.

బూ.

పొగ? లేదు.

రాలేదు.

ఇంకా రాలేదు. చెయ్యి స్విచ్ మీదే.

పీప్.

టీవీ మీద తెల్లటి అక్షరాలు: బీబీసీ కంప్యూటర్ 32కే. కింద బేసిక్. దాని కింద బాణపు మొన లాంటి గుర్తు, పక్కన మిణుకుమనే గీత. మీరు చెప్పేదాని కోసం కాచుకుని ఉంది.

ఈసారి గంట కొట్టేవాడు లేడు. మీటలు నొక్కండి. మోడ్, మూవ్, డ్రా, డ్రా, డ్రా, డ్రా. నాలుగు గీతలు కలిసి నలుపు తెలుపుల్లో ఒక కోణం గడి. ఏటవాలు అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. దాని లోపల ఇంకో చిన్న గడి వేయండి.

"మంచిగున్నది," అంది అమ్మ. "గిప్పుడు దీన్ని ఏం చేస్తవ్?"

ఏమీ చేయలేరు. స్విచ్ ఆపితే గడి పోతుంది. దాచుకోవాలంటే టేపు రికార్డరు కావాలి, ఇంట్లోది ఎప్పుడో పాత సామానాయనకు ఉల్లిగడ్డలకు వేశారు. లేదంటే డిస్కు డ్రైవు. దానికి బోర్డు మీద 8271 అనే చిప్పుండాలి. మీ బోర్డులో ఆ చోటు ఖాళీ. మర అరిగింది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఎస్‌డీ కార్డు పెట్టే బోర్డు దొరుకుతది నాయినా. చీప్‌ల వస్తది," అన్నాడు కొడుకు.

వద్దు. అసలుదే కావాలి. ల్యాప్‌టాప్ తెరిచారు. 8271, ఒకటే చిప్పు, వేలు పొడుగుంటుంది. బర్మింగ్‌హామ్. పని చేస్తుందో లేదో తెలియదట. 31 పౌండ్లు. 14 నిమిషాలు. పాడుతున్నవాళ్లు నలుగురు.

మీ ఆవిడ భుజం మీదుగా చూస్తోంది. అంకె చూసింది. టైము చూసింది. మీ చెయ్యి చూసింది.

"జరుగు," అంది కుర్చీ వెనక పట్టుకుని. "నీకు ఆగుడు రాదు. యాడ నొక్కాల్నో చెప్పు చాలు."